ఖడ్గమా, ప్రతిజ్ఞా? చైనా వీరకథల వర్గీకరణపై పునర్విచారం

బౌద్ధవిద్య అభ్యసించడానికి ఆంధ్రదేశం నుంచి ఢిల్లీ వచ్చిన ఒక యువభిక్షువు ఇటీవల నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. బోధిధర్ముడు షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పినట్లు ఏ ప్రాచీన గ్రంథంలో ఉన్నది? ఆ విద్య చుట్టూ అల్లిన చైనా నవలలు శీలం పాటించేవారు చదవదగినవేనా? మొదటిది చరిత్రకు, రెండవది వినయానికి సంబంధించిన ప్రశ్న అని పైకి తోస్తుంది. ఆలోచించినకొద్దీ రెండింటికీ మూలం ఒకటే అని నాకు తేలింది. ఆ నవలలు ఏ ప్రక్రియకు చెందినవో మనం ఇంతవరకు నిర్ణయించుకోలేదు. కొన్నేళ్ల క్రితం ఒక ప్రసంగంలో నేనే వాటిని ‘చైనా జానపద నవలలు’ అన్నాను. ఆ మాట పొరపాటు. దానిని సవరించుకోవడం కూడా ఈ వ్యాసం ఉద్దేశాలలో ఒకటి.

ఈ కథలు మనకు గ్రంథరూపంలో కంటె చలనచిత్రరూపంలోనే ముందు చేరాయి. 2009 జనవరిలో విడుదలైన ‘చాందినీ చౌక్ టు చైనా’ అనే హిందీ చిత్రం పాత ఢిల్లీలో మొదలవుతుంది. 2011లో తమిళంలో వచ్చి, ‘సెవెన్త్ సెన్స్’ పేరుతో తెలుగులోకి అనువాదమైన చిత్రం బోధిధర్ముణ్ణి పల్లవ రాజకుమారుడిగా, వైద్యుడిగా, యుద్ధవిద్యాచార్యుడిగా చూపింది. 2016లో ప్రగతి మైదాన్‌లో జరిగిన ప్రపంచ పుస్తక ప్రదర్శనకు చైనా గౌరవ అతిథి దేశం. 2018 నుంచి జిన్ యోంగ్ నవలల్లో ఒకదాని ఆంగ్లానువాదం సంపుటాలుగా వెలువడింది. చదివేవారు పెరుగుతున్నారు, చదివినదానిని ఏమని పిలవాలో చెప్పేవారు మాత్రం తక్కువ.

పేరు, పుట్టుక

ఈ ప్రక్రియకు చైనా భాషలో పేరు ‘వూషియా’. ‘వూ’ అంటే యుద్ధశక్తి. ‘షియా’ను ఒక్క తెలుగు మాటలో చెప్పడం కష్టం. రాజోద్యోగం లేకుండా, రాజాజ్ఞ కోసం ఎదురుచూడకుండా, ఇచ్చిన మాట కోసమూ ఆపదలో ఉన్నవారి కోసమూ ప్రాణం ఒడ్డే మనిషి షియా. ఈ రెంటినీ కలిపిన సమాసం ఇరవయ్యో శతాబ్దారంభంలో జపాన్ రచనల ద్వారా వ్యాపించినదే గాని, షియా అనే భావన రెండువేల ఏళ్లకు పైబడినది. క్రీ.పూ. మూడో శతాబ్దపు రాజనీతివేత్త హాన్ ఫేయి ఇటువంటివారు ఆయుధబలంతో శాసనాలను ధిక్కరిస్తారని నిందించాడు. తరువాతి కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ తన ‘షీజీ’లో వారికొక ప్రత్యేకాధ్యాయం కేటాయించి, వారి నడవడి నీతిశాస్త్రానికి ఒదగకపోయినా మాట తప్పనివారని గౌరవించాడు. నింద, గౌరవం రెండూ మొదటినుంచీ ఉన్నవే.

తొమ్మిదో శతాబ్దంలో పేయ్ షింగ్ రాసిన కథలో నియె యిన్‌నియాంగ్ అనే పదేళ్ల బాలికను ఒక భిక్షుణి ఎత్తుకుపోయి, ఐదేళ్లు ఖడ్గవిద్య నేర్పి తిరిగి ఇంటికి పంపుతుంది. మింగ్ కాలపు ‘షుయిహు జువాన్’లో లూ జీషెన్ మద్యమాంసాలు మానని సన్యాసి, ఇనుపదండం పట్టిన యోధుడు. అటువంటివాడు చివరకు హాంగ్‌జౌ నగరంలో చియెన్‌తాంగ్ నదిపై పొంగివచ్చే పోటు శబ్దం విని, తన కాలం వచ్చిందని గ్రహించి, స్నానం చేసి కూర్చున్నచోటనే శాంతంగా కన్నుమూస్తాడు.

ఆధునిక నవలకు మరొక ఆరంభం ఉన్నది. 1954లో మకావ్‌లో ఇద్దరు యుద్ధవిద్యాగురువుల మధ్య జరిగిన పోటీ హాంకాంగ్‌లో సంచలనం రేపగా, లియాంగ్ యూషెంగ్ దినపత్రికలో ధారావాహిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది జిన్ యోంగ్ (1924–2018) రంగంలోకి దిగి 1972 వరకు పదిహేను రచనలు చేశాడు.

వర్గీకరణకు పనికివచ్చే రెండు సూత్రాలను పూర్వపండితులే ఇచ్చారు. లూ షున్ తన చైనా కథాసాహిత్యచరిత్రలో దేవతలు, రాక్షసులు నడిపే కథలను ఒక వర్గంగా, షియాల కథలను మరొక వర్గంగా విడదీశాడు. ష్వాన్‌జాంగ్ యాత్రను అద్భుతగాథగా మలచిన ‘షీయూజీ’ మొదటి వర్గంలో చేరింది. 1967లో జేమ్స్ లియూ షియాకు ఎనిమిది లక్షణాలు చెప్పాడు: పరోపకారం, న్యాయం, స్వేచ్ఛ, వ్యక్తినిష్ఠ, ధైర్యం, సత్యవాక్కు, గౌరవం, ధనం పట్ల నిర్లక్ష్యం. ఈ పట్టికలో ఆయుధనైపుణ్యం లేదన్నది గమనార్హం.

మన నాలుగు గదులు

తెలుగువారు కథను వినగానే పౌరాణికమా, జానపదమా, చారిత్రకమా, సాంఘికమా అని అడుగుతారు. నాటకరంగం, చలనచిత్రం స్థిరపరచిన ఈ నాలుగు గదులు చాలావరకు సరిపోతాయి. వూషియా మాత్రం దేనిలోనూ పూర్తిగా ఇమడదు.

పౌరాణికం కాదు, అందులో దేవతలు కథ నడపరు. సాంఘికం కాదని వేరే చెప్పనక్కరలేదు. జానపదమని నేను పొరబడ్డాను. ‘పాతాళభైరవి’లో ఉజ్జయిని పేరు ఉన్నా అది ఏ శతాబ్దమో కథకు అవసరం లేదు. తోటరాముడికి శక్తి ఒక ప్రతిమ ద్వారా లభిస్తుంది. వూషియాలో శక్తి లభించదు, సాధించుకోవాలి. ఏ గురువు, ఏ సంప్రదాయం, ఎన్నేళ్ల సాధన అన్నవి కథకు ఇరుసులు. అమరత్వం కోసం తపస్సు చేసి ఆకాశగమనం చేసే ‘షియన్‌షియా’ అనే సోదరశాఖ మన జానపదానికి దగ్గర. రెంటినీ ఒకే అరలో పెట్టడం సరికాదు.

ఇక చారిత్రకం. ఈ కథల్లో రాజులు, యుద్ధాలు, సరిహద్దులు నిజమైనవి. నాయకులు చాలావరకు కల్పితులు. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ ఇందుకు దగ్గరగా వస్తుంది. బయటికి గజదొంగగా తిరుగుతూ లోపల రుద్రమదేవి రాజ్యం కోసం పాటుపడే ఆ నాయకుడు మన సాహిత్యంలో షియాకు అతిసమీపబంధువు. ఒక్క భేదం ఉన్నది. గన్నారెడ్డి దారులన్నీ చివరకు ఓరుగల్లు సింహాసనం వద్దకు చేరతాయి. షియా దారి సింహాసనానికి దూరంగా పోతుంది.

ఆ దూరప్రదేశానికి చైనావారు ‘జియాంగ్‌హూ’ అని పేరు పెట్టారు. నదులు, సరస్సులు అని అర్థం. అది రాజశాసనం నడవని, మాట మాత్రమే నడిచే లోకం. ఇదే మాటను చాన్ సంప్రదాయం తన సంచారభిక్షువులకూ వాడింది. జియాంగ్‌షీలోని మాజూ వద్దకు, హూనాన్‌లోని షీతో వద్దకు శిష్యులు తిరుగుతుండేవారు కనుక ఆ పేరు వచ్చిందని వారి వివరణ. యోధుడికీ భిక్షువుకూ ఒకే లోకనామం ఉండడం యాదృచ్ఛికమైనా అర్థవంతమైనది. ఇద్దరూ గృహం విడిచినవారు. ఇద్దరినీ నిలబెట్టేది వ్రతమే.

అందువల్ల ‘యుద్ధవిద్యా నవల’ అనే వాడుక మాటకు బదులు ‘వీరవ్రత కథ’ అనే పేరును నేను ప్రతిపాదిస్తున్నాను. ఆయుధం ఈ ప్రక్రియకు అలంకారం, వ్రతం దాని శరీరం. జిన్ యోంగ్ చివరి నవల ఇందుకు పరీక్ష. అందులో నాయకుడు వేయ్ షియావ్‌బావ్‌కు యుద్ధవిద్య దాదాపు రాదు, అబద్ధాలాడతాడు, పారిపోతాడు. ఆయుధాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఆ నవల ప్రక్రియ నుంచి జారిపోతుంది. అయితే చక్రవర్తికీ, అతనిపై కుట్రపన్నిన రహస్యసంఘానికీ మధ్య ఎవరికీ ద్రోహం చేయలేక చివరకు ఇద్దరినీ విడిచిపోయే ఆ మనిషి కథ వ్రతాన్ని ప్రమాణంగా తీసుకుంటే లోపలే ఉంటుంది.

అహంకారమే గీటురాయి

ప్రక్రియకు పేరు కుదిరినా, దాని లోపలి భేదాలను చెప్పడానికి మరొక ప్రమాణం కావాలి. అది మన అలంకారశాస్త్రంలోనే సిద్ధంగా ఉన్నది. హర్షుని ‘నాగానందం’ పై జరిగిన చర్చ బౌద్ధసాహిత్య పరిశోధకులకు తెలిసినదే. వేదం వేంకటరాయశాస్త్రి దానిని తెనిగించారు. బుద్ధస్తుతితో ఆరంభమయ్యే ఆ నాటకంలో జీమూతవాహనుడు శంఖచూడుడనే నాగుని కాపాడడానికి తన దేహాన్ని గరుడునికి ఆహారంగా అర్పిస్తాడు. అది శాంతరసమా, వీరరసమా? మలయవతిపై అనురాగం, చివర విద్యాధర చక్రవర్తిత్వం ఉన్నందువల్ల శాంతం కాజాలదు, దయావీరమే అని దశరూపక వ్యాఖ్యాత ధనికుడు వాదించాడు. అంతకుముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో సూక్ష్మమైన గీత గీశాడు. దయావీరాదులలో అహంకారం సర్వవిధాలా లేకపోతే అది శాంతరసభేదం, ఉంటే వీరరసభేదం అని ఆయన నిర్ణయం.

ఈ గీటురాయిపై వీరవ్రత కథలు మూడుగా విడిపోతాయి. పగ తీర్చుకోవడమే వ్రతమైనవి మొదటివి. అక్కడ అహంకారం నిండుగా ఉంటుంది, రసం రౌద్రానికి ఒరుగుతుంది. పరరక్షణ వ్రతమైనవి రెండవవి. అవి దయావీర, ధర్మవీర కథలు. తన విద్యనే విడిచిపెట్టడం ఫలమైనవి మూడవవి. లూ జీషెన్ మరణం అక్కడిది. ఒకే నవల మొదటి మెట్టుపై మొదలై మూడవదానిపై ముగియవచ్చు. ఉత్తమమైనవి అలాగే ముగుస్తాయి.

జిన్ యోంగ్ 1963లో ఆరంభించిన ‘తియెన్‌లోంగ్ బాబూ’ ఇందుకు పూర్తి ఉదాహరణ. ఆ పేరు మహాయాన సూత్రాల నుంచి తీసుకున్నది. ధర్మశ్రవణానికి వచ్చే దేవ, నాగ, యక్ష, గంధర్వ, అసుర, గరుడ, కిన్నర, మహోరగులనే అష్టగణాలే అవి. నవలలో వారెవరూ కనబడరు. మానవులలోని రాగద్వేషాలకు వారు ప్రతీకలని రచయితే ముందుమాటలో స్పష్టం చేశాడు. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో నాగార్జునకొండ శిల్పాలను, స్టైన్ సేకరించి తెచ్చిన తున్‌హ్వాంగ్ చిత్రాలను చూసినవారికి ఈ గణాలలో కొందరైనా పరిచితులే.

నవలలో దాలీ రాజకుమారుడు దువాన్ యూ అహింసను నమ్మి యుద్ధవిద్య నేర్వనని ఇల్లు విడిచిపోతాడు. షూజూ అనే షావోలిన్ భిక్షువుకు, తాను కోరకుండానే, శీలాలు ఒకదాని తరువాత ఒకటి భంగమవుతాయి. మఠాధిపతి తన పూర్వాపరాధాన్ని సభాముఖంగా ఒప్పుకొని, సామాన్య భిక్షువుకు విధించే దానికి రెట్టింపు దండనను స్వీకరించి మరణిస్తాడు. ఆ దండతాడనం వినయపిటకానికి చెందినది కాదు, చైనా మఠనియమావళికి చెందినది. అపరాధాన్ని దాచకపోవడం మాత్రం వినయానికి ప్రాణమని భిక్షువులకు నేను చెప్పవలసిన పని లేదు.

నవలకు హృదయం గ్రంథాలయ ఘట్టం. అక్కడ నేల ఊడ్చే ఒక పేరులేని వృద్ధభిక్షువు, రహస్యంగా యుద్ధగ్రంథాలు చదివిపోతున్న ఇద్దరు ప్రతీకారపరులను ఎదుర్కొంటాడు. ప్రతి హింసావిద్యకూ దానికి తగిన ధర్మసాధన తోడు కాకపోతే ఆ విద్య సాధకుణ్ణే లోపల నుంచి తినివేస్తుందని ఆయన బోధ. జీవితమంతా ఒకరినొకరు ద్వేషించిన ఆ ఇద్దరూ చేతులు కలిపి ప్రవ్రజ్య స్వీకరిస్తారు. మరొకవైపు జియూమోజీ అనే టిబెట్ రాజగురువు ఉన్నాడు. కుమారజీవుని చైనా నామాన్ని గుర్తుచేసే పేరు అతనిది. మహాపండితుడై ఉండీ యుద్ధవిద్యాలోభంలో చిక్కుకుంటాడు. ఆ శక్తి అంతా పోయిన రోజున అతనికి జ్ఞానోదయమవుతుంది. తరువాత భారతీయ శాస్త్రాలను టిబెట్ భాషలోకి అనువదిస్తూ జీవితం గడుపుతాడు. లోభం పోయినచోట అనువాదం మొదలైందన్న ఈ ముగింపు ఏ పరిశోధకునికైనా ప్రీతి కలిగిస్తుంది.

అయితే ప్రధాననాయకుడు షియావ్ ఫెంగ్‌ను నేను శాంతరసంలో చేర్చలేను. ఖితాన్ జాతిలో పుట్టి హాన్ ప్రజల నడుమ పెరిగిన అతడు, రెండు రాజ్యాల యుద్ధాన్ని ఆపడానికి తమ చక్రవర్తి చేత బలవంతంగా ప్రతిజ్ఞ చేయించి, తన జాతికి ద్రోహినయ్యానన్న బాధతో సరిహద్దు కనుమ ముందు విరిగిన బాణంతో పొడుచుకొని చనిపోతాడు. గరుడునికీ నాగులకూ మధ్య నిలిచిన జీమూతవాహనుడు ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. జీమూతవాహనుడు ఇచ్చినది దానం. షియావ్ ఫెంగ్ చేసినది ప్రాయశ్చిత్తం. అందులో ‘నేను’ ఇంకా మిగిలి ఉన్నది. ఆత్మహత్యను వినయం అంగీకరించదన్న అభ్యంతరమూ నిలుస్తుంది. ఆనందవర్ధనుని ప్రమాణం ప్రకారం అతడు మహావీరుడే, శాంతుడు కాడు. నవల కూడా అతణ్ణి ఆదర్శంగా కాక దుఃఖహేతువుగానే చూపిందని నా అభిప్రాయం.

సాక్షిగా వచ్చిన కల్పితపాత్ర

ప్రక్రియను గుర్తించకపోతే కలిగే నష్టానికి బోధిధర్ముని విషయమే నిదర్శనం. క్రీ.శ. 547 నాటి లోయాంగ్ విహారాల వర్ణనలో బోధిధర్ముడు పర్షియా నుంచి వచ్చిన వృద్ధశ్రమణుడు. ఏడో శతాబ్దంలో తావోష్వాన్ రాసిన భిక్షుచరిత్రలో దక్షిణభారత బ్రాహ్మణుడు. రెండింటిలోనూ యుద్ధవిద్య ప్రసక్తి లేదు. షావోలిన్ విహారం క్రీ.శ. 495 ప్రాంతంలో ఏర్పడినది బాతువో అనే భారతీయ భిక్షువు కోసం. 621లో ఆ విహార భిక్షువులు తాంగ్ రాజకుమారునికి యుద్ధంలో తోడ్పడిన మాట నిజం. 728 నాటి శిలాశాసనం దానిని ధ్రువపరుస్తుంది. ఆ ఘనతను అది బోధిధర్ముని బోధకు ఆపాదించదు.

బోధిధర్ముణ్ణి దేహసాధనకు గురువుగా చేసిన గ్రంథం ‘యీజిన్ జింగ్’. దాని చివరిమాటపై ఉన్న తేదీ 1624. ఆ గ్రంథానికి ఏడో శతాబ్దపు సేనాని లీ జింగ్ పేరుతో ఒక పీఠిక తగిలించారు. ఆ విద్య తనకు ‘ఉంగరాలగడ్డపువాడు’ అనే వీరుని ద్వారా అందిందని అందులో లీ జింగ్ చెబుతాడు. ఆ వీరుడు తాంగ్ కాలపు ఒక ప్రసిద్ధ కథలోని కల్పితపాత్ర! నిజమైన సేనాని పేరును ముందు నిలబెట్టి, కథలోని పాత్రను సాక్షిగా పిలిచారు. మెయిర్ షహర్ 2008లో ప్రచురించిన షావోలిన్ చరిత్రలో ఈ కూర్పును విపులంగా పరిశీలించాడు. కథ తెలిసిన పాఠకుడు ఆ పీఠికను చూసి నవ్వుకుంటాడు, తెలియనివాడు చరిత్రగా నమ్ముతాడు. బోధిధర్ముణ్ణి యోధగురువుగా చూపిన మన తెరకథలకు దూరపు మూలం ఇటువంటి కూర్పులోనే ఉన్నది.

యువభిక్షువు మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. ప్రాచీన గ్రంథంలో లేదు, వీరకథలో ఉన్నది. అది వీరకథ అని చెప్పినంతకాలం దోషం లేదు.

చాందినీ చౌక్ వంటవాడు

హిందీ చిత్రానికి తిరిగి వద్దాం. చాందినీ చౌక్‌లో కూరగాయలు తరిగే సిద్ధూను, పూర్వజన్మలో లియూ షెంగ్ అనే యోధుడని నమ్మి ఇద్దరు చైనీయులు తీసుకుపోతారు. తనను పెంచినవాణ్ణి ప్రతినాయకుడు చంపగా, అతడు విద్య నేర్చి పగ తీర్చుకుంటాడు. ఆ ప్రతినాయక పాత్ర ధరించినది గోర్డన్ లియూ. 1978లో షావోలిన్ ముప్పై ఆరు మండపాల చిత్రంలో, పగతో విహారం చేరి చివరకు విద్యను గృహస్థులకు పంచాలని కోరే భిక్షువుగా నటించినవాడు ఆయనే. ఆ పాత చిత్రం పగ నుంచి పరరక్షణకు ఒక మెట్టు ఎక్కింది. ఈ చిత్రం మొదటి మెట్టుపైనే నిలిచిపోయింది. ‘వూ’ను తెచ్చుకొని ‘షియా’ను వదిలేసింది.

చేతికి అందిన మంచి కథను అది జారవిడిచిందని నా ఫిర్యాదు. షావోలిన్‌లో ఒక ఐతిహ్యం ఉన్నది. విహారాన్ని తిరుగుబాటుదారులు ముట్టడించినప్పుడు వంటశాలలో పనిచేసే ఒక అనామకుడు పొయ్యిలో నిప్పు ఎగదోసే కర్రతో బయటికి వచ్చి, మహాకాయుడై వారిని తరిమివేశాడు. అతడు అష్టగణాలలోని కిన్నరరాజు అవతారమని భిక్షువులు పూజించారు. తమ దండవిద్యకు అతడే మూలపురుషుడన్నారు. వంటశాల నుంచి వీరుడు రావడం చిత్రానికీ ఐతిహ్యానికీ సమానం. ఐతిహ్యంలో అతడు సంఘరక్షణ చేసి అదృశ్యమవుతాడు. చిత్రంలో అతడు గెలిచి ఇంటికి వస్తాడు.

బుద్ధుడు భారతదేశంలో పుట్టాడనే అర్థం వచ్చే మాట అందులో ఉన్నదని నేపాల్‌లో నిరసనలు చెలరేగి ప్రదర్శనలు ఆగిపోయాయి. లుంబిని నేపాల్‌లో ఉన్నదన్నది నిర్వివాదం. హాస్యచిత్రమైనా చరిత్ర పేరెత్తితే దానిని చరిత్రగానే పరీక్షిస్తారని ఆ ఉదంతం తెలియజేస్తున్నది.

తెలుగులో రాయదలచినవారికి

ఇటువంటి కథను తెలుగులో రాయాలనుకునేవారు చైనా పేర్లను అరువు తెచ్చుకోనక్కరలేదు. మూడవ శతాబ్దంలో ఉపాసిక బోధిసిరి నాగార్జునకొండలో వేయించిన శాసనం, తామ్రపర్ణీ ఆచార్యులు ధర్మప్రసన్నం చేసిన దేశాల పట్టికలో కాశ్మీర, గాంధారాలతో పాటు చీనానూ పేర్కొన్నది. కథకు అంతకంటె మంచి తలుపు దొరకదు. ఆ తలుపు దాటినది కల్పన అని పాఠకునికి ముందే చెప్పడం రచయిత ధర్మం.

కథానమూనా కూడా మన ఆచార్యుని పేరుతోనే ఉన్నది. కుమారజీవునికి ఆపాదించిన చైనా భాషలోని నాగార్జునచరితంలో, యువకుడైన నాగార్జునుడు ముగ్గురు మిత్రులతో అదృశ్యవిద్య నేర్చి రాజాంతఃపురంలో ప్రవేశిస్తాడు. భటులు గాలిలో కత్తులు ఝళిపించగా మిత్రులు ముగ్గురూ హతులవుతారు. రాజు పక్కనే ఊపిరి బిగబట్టి నిలిచిన నాగార్జునుడు, కామమే దుఃఖమూలమని గ్రహించి, బ్రతికి బయటపడితే ప్రవ్రజ్య స్వీకరిస్తానని సంకల్పిస్తాడు. విద్య, ప్రమాదం, వ్రతం, విరమణ అనే నాలుగు అంగాలూ అందులో క్రమంగా ఉన్నాయి. అది చరిత్ర కాకపోవచ్చు. వీరవ్రత కథకు లక్షణం మాత్రం సంపూర్ణం.

రచయిత నిలుపుకోవలసినవి మూడు. విద్యకు గురుపరంపర ఉండాలి. సాధనకు కాలం పట్టాలి. దెబ్బకు ఫలితం ఉండాలి. కొట్టినవాడు కూడా దానిని మోయాలి. మూడవది లోపిస్తే మిగిలేది వ్యాయామవర్ణన.

రెండవ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. కత్తి ఎంత వేగంగా తిరిగిందో చెప్పే పుస్తకం భిక్షువుకు అవసరం లేదు, పరిశోధకునికీ అంతగా అవసరం లేదు. కత్తి పట్టిన చేతిలోని ‘నేను’ ఎప్పుడు, ఎలా సడలిందో చెప్పే పుస్తకం ఇద్దరికీ ఉపయోగపడుతుంది. మన గ్రంథాలయంలో అటువంటి నవలలు కొన్ని చేరితే, వాటిని చరిత్ర అరలోనూ జానపదం అరలోనూ కాక వేరే అరలో పెట్టమని నా మనవి. ఆ అర నాగానందానికి దగ్గరగా ఉంటే మరీ మంచిది.